ఉండేది కానూరు, చెప్పుకునేది విజయవాడ, కలెక్టరేమో బందరు(మచిలీపట్నం)లో. అసలు మేం ఎవరి కింద?

బందరురోడ్డు_బాబు

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మాది కానూరు. ఆటోనగర్ దాటగానే వచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచి ఏ ఊరు అని ఎవరడిగినా విజయవాడ అనే చెప్పాను, పెళ్ళి శుభలేఖలోనూ అదే వేయించాం, కొరియర్ వాడూ అదే రాసుకుని వస్తాడు. మార్చిలో నాన్న పోయారు. గుంటూరులో బాబాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు గుండెపోటు వచ్చింది, అక్కడే ఆస్పత్రిలో పోయారు. పెద్దకర్మ అయిపోయాక కాగితాల పని మొత్తం నా మీద పడింది. కానూరులో నాన్న పేరు మీద ఫ్లాటు ఉంది. మా సొంతూరు అమరావతి మండలంలో ఉంటుంది, అక్కడ రెండెకరాల చిల్లర పొలం ఉంది.

మొన్న సోమవారం అర్జీ రాసుకుని, జిరాక్సులన్నీ ఫైల్లో పెట్టుకుని నగరంలోనే ఒక పెద్ద ఆఫీసుకి వెళ్ళాను. గంటన్నర లైన్లో నిలబడ్డాక కౌంటర్ దగ్గర ఉన్నాయన నా కాగితం పైనుంచి కిందకి చూసి, "పెనమలూరు మండలమా? మీది కృష్ణా జిల్లా కదండీ, ఇది ఎన్టీఆర్ జిల్లా" అని వెనక్కి ఇచ్చాడు. నేను నోరు తెరిచేలోపే వెనక ఉన్నాయన ముందుకొచ్చేశాడు. మా డాబా ఎక్కితే ఆటోనగర్ షెడ్లు కనిపిస్తాయండి. అది ఒక జిల్లా, మా డాబా ఇంకో జిల్లా. ఇప్పుడు నేను బందరు వెళ్ళాలా? 60 కిలోమీటర్ల పైమాటే, ఒక రోజు సెలవు పోతుంది.

బాబాయేమో డెత్ సర్టిఫికెట్ గుంటూరులోనే తీసుకోవాలంటాడు. పొలం పని కూడా గుంటూరులోనే అనుకుంటే, మా ఊరి వాళ్ళు "గుంటూరు ఎందుకురా, మనది ఇప్పుడు పల్నాడు జిల్లా" అన్నారు. అంటే ఒక మనిషి పోతే మూడు జిల్లాలు తిరగాలా? మున్సిపాలిటీ, మండలం, డివిజను, జిల్లా, ఇవన్నీ ఒకదాని లోపల ఒకటి డబ్బాల్లా ఉంటాయని స్కూల్లో చదువుకున్నట్టు గుర్తు. ఇక్కడ చూస్తే అలా లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా కాస్త విడమరిచి చెబుతారా? సివిక్స్ పాఠం వద్దు, నేను ఎక్కడికెళ్ళాలో అర్థమయ్యేలా చెబితే చాలు.

మిర్చి_యార్డు

బ్రదర్, నాన్నగారి విషయం బాధాకరం. డెత్ సర్టిఫికెట్ మాత్రం మీ బాబాయి చెప్పిందే కరెక్టు. మనిషి ఎక్కడ ఉండేవాడన్నది కాదు, ఎక్కడ పోయాడన్నదే లెక్క. గుంటూరు కార్పొరేషన్ హద్దులో ఉన్న ఆస్పత్రి అయితే వాళ్ళే కార్పొరేషన్‌కి పంపిస్తారు, సర్టిఫికెట్ అక్కడి నుంచే. 1969 చట్టం ప్రకారం జననమైనా మరణమైనా ఇదే పద్ధతి. కానూరులో ఎవర్నీ అడక్కండి, టైం వేస్ట్. మిగతావి పెద్దలు చెబుతారు.

పాత_గుమాస్తా

బాబూ, నేను రెవెన్యూలో 33 ఏళ్ళు చేసి రిటైర్ అయినవాణ్ణి. నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. డబ్బాలో డబ్బా అనుకున్నావు చూడు, చిక్కంతా అక్కడే. ప్రభుత్వం దగ్గర ఒక్క పటం లేదు. ఒకే నేల మీద నాలుగైదు పటాలు పరిచి ఉంటాయి, ఒక్కో శాఖది ఒక్కో పటం, ఒకదాని గీత మీద ఇంకోదాని గీత పడాలని లేదు. ఏ పనికి ఏ పటమో తెలిస్తే నీ తిరుగుడు సగం తగ్గుతుంది.

మొదటిది రెవెన్యూ పటం. భూమి, వారసులు, కులం, ఆదాయం, వీటికి సంబంధించిన కాగితాలన్నీ ఈ దారిలోనే. కింద రెవెన్యూ గ్రామం, అక్కడ వీఆర్వో. దాని మీద మండలం, అక్కడ తహసీల్దారు. జనం ఇంకా ఎమ్మార్వో అనే అంటారు, అలా అన్నా అర్థమవుతుందిలే. దాని మీద రెవెన్యూ డివిజను, ఆర్డీవో. ఆ పైన జిల్లా, జాయింట్ కలెక్టరు, కలెక్టరు. మీ కానూరు పెనమలూరు మండలంలో ఉంది, పెనమలూరు ఉయ్యూరు డివిజన్లో ఉంది, ఉయ్యూరు కృష్ణా జిల్లాలో ఉంది. నువ్వు బందరు రోడ్డు బస్సెక్కి కూర్చుంటే తాడిగడప, పోరంకి, పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, ఆఖరున బందరు. నీ అధికారులందరూ ఒకే రోడ్డు మీద మెట్ల వరసలో ఉన్నారన్నమాట. ఇంత సుఖం అందరికీ ఉండదు.

కాబట్టి బందరు పరిగెత్తకు. నీకు కావలసింది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అది కలెక్టరు ఇచ్చేది కాదు, తహసీల్దారు ఇచ్చేది. మీ వార్డు సచివాలయంలో అర్జీ పెడితే వీఆర్వో వచ్చి ఇరుగుపొరుగుని విచారిస్తాడు, పంచనామా రాస్తాడు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చూస్తాడు, తహసీల్దారు సంతకం చేస్తాడు. అక్కడ ఆగిపోతే ఉయ్యూరు. ఉయ్యూరులోనూ ఆగిపోతే అప్పుడు బందరు. సోమవారం అర్జీలు తీసుకుంటారు కదా అని జనం నేరుగా కలెక్టరు దగ్గరికి వెళ్ళిపోతారు, ఆయన ఆ కాగితం మీద ఒక సంతకం పెట్టి మళ్ళీ కింద తహసీల్దారుకే పంపిస్తాడు. పైకి వెళ్ళి కిందకి దిగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

రెండోది స్థానిక సంస్థల పటం. పల్లెలకైతే పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు. పట్టణాలకైతే నగర పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా విను. పల్లెల్లో మూడంతస్తులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పట్టణంలో అలా కాదు, ఉన్నది ఒక్క అంతస్తే. మున్సిపాలిటీ మీద మండల పరిషత్తు ఉండదు, జిల్లా పరిషత్తు కూడా ఉండదు. మీ కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి నాలుగూ నిన్నమొన్నటి దాకా పంచాయతీలు, వాటిని కలిపి తాడిగడప మున్సిపాలిటీ చేశారు. ఆ రోజుతో మీ ఊళ్ళో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఓటు పోయింది. కానీ పెనమలూరు తహసీల్దారు మాత్రం పోలేదు, ఎందుకంటే ఆయనది రెవెన్యూ మండలం, అందులో మున్సిపాలిటీ కూడా ఉంటుంది. పేరు ఒకటే, మండలం మండలమే, కానీ రెవెన్యూ మండలం వేరు, మండల పరిషత్తు వేరు. ఇది నాతో పనిచేసినవాళ్ళకే కొందరికి తెలిసేది కాదు!

నీ ఫ్లాటు ఆస్తిపన్ను పేరు మార్పు ఈ రెండో పటంలో పని. అది తాడిగడప మున్సిపాలిటీలో. వారసుల కాగితం చేతికి వచ్చాకే అక్కడికి వెళ్ళు, ముందు వెళితే ఎలాగూ అదే అడుగుతారు.

పొలం పని మళ్ళీ మొదటి పటం, కాకపోతే వేరే చోట. భూమి ఎక్కడ ఉంటే అక్కడి తహసీల్దారే. నువ్వు కానూరులో ఉన్నా కాలిఫోర్నియాలో ఉన్నా తేడా లేదు. అమరావతి మండలం, దాని మీద సత్తెనపల్లి డివిజను, జిల్లా పల్నాడు, కలెక్టరు నరసరావుపేటలో. వారసత్వ మ్యుటేషన్, అంటే భూమి రికార్డులో వారసుల పేరుకి మార్పు, అని రాసి పెట్టు, పాతవాళ్ళు ఫౌతీ అంటారు. ఇక్కడ పెనమలూరులో తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అక్కడ చూపించాలి. కనుక వరస ఇది: ముందు గుంటూరు, తర్వాత పెనమలూరు, ఆ తర్వాత తాడిగడప, పొలం పని ఎప్పుడైనా సరే.

బందరురోడ్డు_బాబు

గురువుగారూ, దండం. ఇంత వివరంగా ఆఫీసులో ఎవరైనా చెప్పి ఉంటే ఆ గంటన్నర మిగిలేది. ఒక్క డౌటు. పెనమలూరు విజయవాడ పక్కనే ఉంది కదా, జిల్లాలు విడగొట్టినప్పుడు దాన్ని తీసుకెళ్ళి బందరుకి ఎందుకు కట్టారు? మ్యాప్ ముందు పెట్టుకుని చేసిన పనిలా లేదు.

ప్రసాదంపాడు_పిల్లోడు

మ్యాప్ పెట్టుకునే చేశారు అన్నా, కాకపోతే ఎలక్షన్ మ్యాప్. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, అప్పుడు పెట్టుకున్న లెక్క ఒక లోక్‌సభ సీటుకి ఒక జిల్లా. 25 సీట్లు, అరకు మరీ పెద్దదని దాన్ని రెండు చేశారు, మొత్తం 26. మీ పెనమలూరు అసెంబ్లీ సీటు మచిలీపట్నం లోక్‌సభలో ఉంది. అంతే, బందరు కిందకి వెళ్ళిపోయారు. గన్నవరం కూడా అంతే, అందుకే విజయవాడ ఎయిర్‌పోర్టు విజయవాడ ఉన్న జిల్లాలో లేదు.

కానీ ఆ లెక్క కూడా పూర్తిగా పాటించలేదు, దానికి సాక్ష్యం నేనే. మాది ప్రసాదంపాడు, విజయవాడ రూరల్ మండలం. మేం ఓటేసేది గన్నవరం ఎమ్మెల్యేకి, మచిలీపట్నం ఎంపీకి. ఎంపీ లెక్కన మేం కూడా కృష్ణా జిల్లా కావాలి. కానీ మండలాన్ని ముక్క చేయడం ఇష్టం లేక రూరల్ మండలం మొత్తాన్ని ఎన్టీఆర్ జిల్లాలో ఉంచారు. కాబట్టి మా కలెక్టర్ విజయవాడ, మా ఎంపీ బందరు. పైగా రామవరప్పాడు రింగు దగ్గర నిలబడి చూడండి, ఎటు చూసినా సిటీనే, బస్సులు, ఫ్లైఓవరు, షోరూములు. అక్కడ ఉన్నది పంచాయతీ, సర్పంచి. రింగుకి ఇటు కార్పొరేషన్ చెత్త బండి, అటు పంచాయతీ ట్రాక్టర్. మా ఇంటికి ఒకప్పుడు అద్దెకొచ్చిన హైదరాబాద్ ఆయన "సర్పంచి అంటే ఊళ్ళో కదా ఉండేది" అని నవ్వాడు, ఇంటి పన్ను రసీదు చూశాక నమ్మాడు.

బందరు_లడ్డు

మా ఊరిని మరీ అంత దూరం చేసి మాట్లాడకండి, వస్తే లడ్డూ పెడతాం 😀 ఇంకో తమాషా చెప్పనా, ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఎన్టీఆర్ జిల్లాలో లేదు. పామర్రు మండలం, అంటే మా కృష్ణా జిల్లాలోనే ఉంది. పేరు అక్కడికి వెళ్ళింది, ఊరు ఇక్కడ ఉండిపోయింది.

పేట_నుంచి_పాత_ప్రయాణికుడు

ఇక్కడ అందరూ నవ్వుకుంటున్నారు గానీ మా జగ్గయ్యపేట వాళ్ళ బాధ ఎవరికైనా గుర్తుందా? పాత కృష్ణా జిల్లాలో మా జిల్లా కేంద్రం బందరు. తెలంగాణ గట్టున ఉన్న మేం, సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళాలి. విజయవాడ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి మళ్ళీ దాదాపు అంతే దూరం ఇంకో బస్సు. కలెక్టరు గారు విజయవాడ క్యాంపు ఆఫీసులో ఉంటే అదృష్టం, లేకపోతే ఆ రోజంతా పోయినట్టే. మా నాన్న పింఛను కాగితం కోసం తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని వెళ్ళి, అక్కడ సంబంధిత గుమాస్తా సెలవని తెలిసి, తెచ్చుకున్న పులిహోర బస్టాండులో తిని తిరిగొచ్చారు. ఇప్పుడు విజయవాడలో పని అయిపోతుంది. తిరువూరు వాళ్ళదీ అంతే. గుంటూరు వైపు మాచర్ల వాళ్ళని అడగండి, గుంటూరు బదులు నరసరావుపేట అంటే ఎంత ఊపిరి పీల్చుకున్నారో. జిల్లా చిన్నది కావడం మంచిదే. గీత ఎక్కడ గీశారన్నదే తగాదా. కానూరు లాంటి ఊళ్ళకి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. అంతమాత్రాన పాతదే బాగుండేది అంటే మాత్రం నేను ఒప్పుకోను.

గ్రూప్2_గోల

పటాలు అన్నారు కాబట్టి నేనూ ఒకటి కలుపుతా, నిరుద్యోగుల పటం. ప్రభుత్వ ఉద్యోగాలకి ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అని తేల్చే 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల జోన్లు. అందులో ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు జోన్ 1, ఉభయ గోదావరులు, కృష్ణా జోన్ 2, గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జోన్ 3, సీమ నాలుగు జిల్లాలు జోన్ 4. అవన్నీ పాత జిల్లాల పేర్లే. అంటే ప్రకాశం బ్యారేజీ మీద నడుచుకుంటూ వెళితే మధ్యలో ఎక్కడో జోన్ మారిపోతుంది. విజయవాడ కుర్రాడికి విశాఖ సరిహద్దు దాకా ఉన్న తూర్పుగోదావరి లోకల్ లాంటిదే, ఏటి అవతల కనిపించే తాడేపల్లి నాన్‌లోకల్.

నా సంగతి వినండి. ఊరు విజయవాడ, కానీ నాన్న ఉద్యోగం వల్ల చదువు మంగళగిరిలో. లోకల్ అనేది ఇల్లు ఎక్కడ అన్నదాన్ని బట్టి కాదు, పదో తరగతి దాకా ఎక్కడ చదివావన్నదాన్ని బట్టి. 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు పెట్టుకుని తిరిగాను, దాంట్లో రెండేళ్ళు ఒక చోట, అయిదేళ్ళు ఇంకో చోట. అయిదో తరగతి చదివిన స్కూలు ఇప్పుడు లేదు, ఆ స్థానంలో టైల్స్ షాపు ఉంది. దాని మేడ మీద స్కూలు పాత యజమాని ఉంటే ఆయన దగ్గర పాత రిజిస్టర్ దొరికింది, బతికిపోయాను. అప్లికేషన్ నింపేటప్పుడు వచ్చిన టెన్షన్ పరీక్షలో కూడా రాలేదు.

అయితే యూనివర్సిటీ సీట్ల లెక్క ఇంకోలా ఉంటుంది, అక్కడ గుంటూరు, ప్రకాశం కూడా కృష్ణాతో కలిసి ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలోనే ఉన్నాయి, నెల్లూరు మాత్రం సీమతో కలిసి వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. ఉద్యోగానికి విడిపోయినవాళ్ళం సీటు దగ్గర కలుస్తాం.

పుణెలో_మనోడు

నేను పుణెలో ఉంటున్నా, స్వగ్రామం తెనాలి దగ్గర. ఇక్కడికి వచ్చాక తెలిసింది, మన దగ్గర ఒక అంతస్తు లేనే లేదు. మహారాష్ట్రలో 36 జిల్లాలు, వాటి మీద 6 డివిజన్లు, ఒక్కో డివిజన్‌కి ఒక కమిషనర్. ఆ ఆరింటిలో ఒకదాని పేరు అమరావతే, మొదట్లో ఆఫీసులో ఆ పేరు వినగానే ఊరు గుర్తొచ్చి తల తిప్పేవాణ్ణి. ఉత్తరప్రదేశ్‌లో 75 జిల్లాలు, 18 డివిజన్లు. కర్ణాటకలో నాలుగు. మన దగ్గర డివిజను అంటే జిల్లా లోపలి ముక్క, అక్కడ డివిజను అంటే జిల్లాల కట్ట. మా ఆఫీసులో ఒక లక్నో ఆయనతో దీని మీద అరగంట వాదించి, చివరికి ఇద్దరం వేరే వేరే వాటి గురించి మాట్లాడుతున్నామని తెలుసుకున్నాం.

మన ఉత్తరాంధ్ర, కోస్తా, రాయలసీమ ఉన్నాయి చూశారా, వాటికి ఆఫీసరంటూ ఎవరూ లేరు. బోర్డు లేదు, సీలు లేదు. మాటలో ఉన్నాయి, రాజకీయంలో ఉన్నాయి, భోజనంలో ఉన్నాయి. సీమ అనే పేరే 1928 నంద్యాల సభలో పెట్టుకున్నది, అంతకుముందు దత్తమండలాలు అనేవాళ్ళు, నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలని. ఇక్కడ మరాఠ్వాడా అంటే అచ్చంగా ఒక డివిజన్. విదర్భ అంటే రెండు డివిజన్లు, నాగపూర్, అమరావతి. మన దగ్గర ప్రాంతం మనసులో ఉంటుంది, కాగితం మీద జిల్లాతోనే మొదలు.

పాత_గుమాస్తా

పుణె బాబు మంచి మాట చెప్పాడు. మన దగ్గర పైన ఒక అంతస్తు లేకపోయినా, కింద ఒకటి చిన్నది చేసుకున్నాం. అదే మండలం. పక్క తమిళనాడులో ఇప్పటికీ తాలూకా, ఫిర్కా నడుస్తున్నాయి. మాకూ అవే ఉండేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తాలూకా కచేరి అంటే కోట లాంటిది. పెద్ద గేటు, పక్కన ట్రెజరీ, తుపాకీతో సెంట్రీ, వేపచెట్టు కింద అర్జీలు రాసేవాళ్ళు. రైతు 30, 40 కిలోమీటర్ల నుంచి వచ్చి ఆ చెట్టు కింద పడుకునేవాడు. ఊళ్ళో కరణం చెప్పిందే వేదం, పై ఆఫీసు అంత దూరంలో ఉంటే ఎవడు వెళ్ళి అడుగుతాడు?

1984లో కరణాలు, మునసబులు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక్కో తాలూకా సుమారుగా మూడు నాలుగు ముక్కలైంది, ఉమ్మడి రాష్ట్రంలో 1,100 పైన మండలాలు. కొత్త ఆఫీసులకి భవనాలు ఎక్కడివి? మేం ఒక రైసు మిల్లు గోడౌనులో మొదలుపెట్టాం. రికార్డు మొత్తం తాలూకా కచేరి నుంచి రెండెడ్ల బండి మీద వచ్చింది. ఏ ఊరి అడంగల్ (భూమి, పంటల లెక్క పుస్తకం) ఏ మండలానికి వెళ్ళాలో విడదీయడానికి నెల పట్టింది, రెండు ఊళ్ళ రికార్డు వేరే మండలానికి వెళ్ళిపోయి ఆరు నెలల తర్వాత తిరిగొచ్చింది. ఊక దుమ్ముకి అందరికీ దగ్గు.

గీతలు మారడం కొత్తేమీ కాదు. గుంటూరు జిల్లాయే 1904లో కృష్ణా నుంచి విడిపోయి పుట్టింది, దాంట్లోంచి 1970లో ఒంగోలు వైపు ముక్క పోయి ప్రకాశం అయింది. ఇప్పుడు బాపట్ల, పల్నాడు. 1974 జిల్లాల చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, జనం అభ్యంతరాలకి నెల రోజులు గడువిచ్చి, తర్వాత తుది నోటిఫికేషన్ ఇస్తే చాలు. అందుకే ఇది సులువుగా మారుతూ ఉంటుంది. 2022లో అయ్యాక కూడా చేర్పులు మార్పులు ఆగలేదు. జనాభా లెక్కల ముందు మాత్రం హద్దులు కదపకూడదని తాళం వేస్తారు, అప్పుడు కొన్నాళ్ళు ఊరుకుంటారు.

ఇంకొకటి మర్చిపోయా. 2022లో కలెక్టర్లను విడగొట్టారు గానీ జిల్లా పరిషత్తులను ముట్టుకోలేదు. అవి పాత 13 జిల్లాల లెక్కనే ఉండిపోయాయి. కనుక పేట బాబూ, మీ జడ్పీటీసీ మీటింగుకి ఇంకా బందరే వెళ్ళాలి, పులిహోర కట్టుకోమను.

తుళ్ళూరు_దారి

అమరావతి మాట వచ్చింది కాబట్టి. ప్రశ్న అడిగిన బాబు గారూ, మీ ఊరు అమరావతి మండలం అంటే రాజధాని అనుకుని ఎకరం రేటు అడిగేవాళ్ళు ఎంతమంది తగులుతారో నాకు తెలుసు. రాజధాని ఊళ్ళు ఉన్నది తుళ్ళూరు, తాడేపల్లి, మంగళగిరి మండలాల్లో, అవి గుంటూరు జిల్లా. అమరలింగేశ్వరుడి గుడి, పాత స్తూపం ఉన్న అసలు అమరావతి పెదకూరపాడు నియోజకవర్గం కావడంతో 2022లో పల్నాడుకి వెళ్ళింది. పేరు ఒక జిల్లాలో, ఆ పేరు ఉన్న ఊరు ఇంకో జిల్లాలో. నిమ్మకూరు కథే ఇక్కడా.

మీ పొలం మీద ఇల్లో లేఅవుటో వేసే ఆలోచన ఉంటే ఇంకో పటం తయారుగా ఉంది, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, సీఆర్‌డీఏ. 1978లో వీజీటీఎం ఉడా అని విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కలిపి పెట్టారు, 2014 చివర్లో దాని స్థానంలో ఇది వచ్చింది. దానికి జిల్లా గీతతో పని లేదు, ఏటికి రెండు వైపులా ఉంటుంది. ప్లాన్ పెట్టేముందు ఆ సర్వే నంబరు అందులో ఉందో లేదో చూసుకోండి. మావాడు ఒకడు పంచాయతీ అనుమతి ఉందని గోడ లేపాడు, తర్వాత కూల్చి కట్టాడు.

పేట_నుంచి_పాత_ప్రయాణికుడు

గుమాస్తా గారూ, జడ్పీ సంగతి నాకు నిజంగా తెలియదు. పులిహోర కడుతున్నాం 😀

బందరురోడ్డు_బాబు

అందరికీ థాంక్స్. వారం తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా.

గురువుగారు చెప్పిన వరసలోనే వెళ్ళాను. గుంటూరులో డెత్ సర్టిఫికెట్ వచ్చింది. ఇక్కడ వార్డు సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టాను, నాలుగో రోజు వీఆర్వో గారు వచ్చారు, కింది ఫ్లోర్ ఆంటీని, ఎదురింటి మాస్టారుని అడిగి రాసుకున్నారు. ఆంటీ అడిగినదానికంటే ఎక్కువే చెప్పింది, నాన్న వాచ్‌మన్‌కి అప్పు ఇచ్చిన సంగతి దాకా. ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నారు పాపం.

అంతా బాగానే ఉందనుకునేలోపు తేడా బయటపడింది. ఆధార్లో నాన్న ఇంటిపేరు చివర దీర్ఘం ఉంది, డెత్ సర్టిఫికెట్లో లేదు. తప్పు నాదే. ఆ రోజు ఆస్పత్రిలో ఫారం నింపింది నేనే, చేతులు వణుకుతున్నాయి, ఏం రాశానో నాకే తెలియదు. దాన్ని సరిచేయించాలంటే మళ్ళీ గుంటూరే. రేపు సెలవు పెట్టాను.

అర్జీ రసీదు తెచ్చి అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, ఊరు కానూరు, మండలం పెనమలూరు, జిల్లా కృష్ణా అని వేలు పెట్టి చదివింది. కాగితం తిప్పి వెనక కూడా చూసి, "ఇందులో విజయవాడ ఎక్కడుందిరా" అంది.